నలభై ఒకటో నంబరు బిళ్ళ

“ఎందుకు సార్, నలభై ఒకటే ఎందుకు?” అని అడిగింది మాతో పనిచేసే ఒక అమ్మాయి.

“ఊరికే” అన్నాను. నాకు అబద్ధాలు చెప్పడం రాదు. ఆ అమ్మాయి నమ్మలేదు కానీ, పెద్దవాణ్ణని వదిలేసింది.

హైదరాబాదులో మేం ఇరవై మందిమి కూర్చుని ఒక ఆపరేటింగ్ సిస్టం తయారు చేస్తున్న రోజులవి. నాకప్పటికే యాభై దాటాయి. తక్కినవాళ్ళంతా నా పిల్లల ఈడువాళ్ళు. ఆపరేటింగ్ సిస్టంలో నట్టనడిమి భాగాన్ని కెర్నెల్ అంటారు. కంప్యూటర్ మెమరీ అంతా దాని చేతిలో ఉంటుంది. పని మీద వచ్చిన ప్రతి ప్రోగ్రాముకూ ఇంత జాగా అని కేటాయించి, ఆ జాగా నంబరు చేతికిస్తుంది. పని కాగానే జాగా వెనక్కి తీసుకుని ఇంకొకరికి ఇస్తుంది. వినడానికి ఇంతే. కానీ మా యంత్రం మూడు నాలుగు రోజులకొకసారి ఉన్నట్టుండి పడిపోయేది. ఎందుకు పడిందో దానికీ తెలియదు, మాకూ తెలియదు. పిల్లలు నెలరోజులు వెతికి, తీగలను తిట్టి, కరెంటును తిట్టి, చివరికి ఒకరినొకరు తిట్టుకునే దాకా వచ్చారు.

చివరికి అది నా కంటపడింది. డిస్కు చదివే ఒక ప్రోగ్రాము ముక్క తన జాగా ఖాళీ చేసి కూడా పాత నంబరు దాచుకుని ఉంది. ఆ జాగాను ఇంకొకరికి ఇచ్చేశాక, ఇంకా తనదే అనుకుని వచ్చి అందులో రాసిపోతోంది. అక్కడ కొత్తగా దిగినవాడు ఆ రాత తనదే అనుకుని నడుచుకుంటున్నాడు. ఇద్దరిలో ఎవరూ దొంగలు కారు. మధ్యలో ఒక మాట అందలేదు, అంతే.

నేను చేసిన మరమ్మతు పెద్దదేం కాదు. ఖాళీ అయిన జాగాను వెంటనే ఎవరికీ ఇవ్వకుండా కొంతసేపు పక్కన పెట్టించాను. దాని నిండా ఒకే అంకె వరసగా రాయించాను. పాత నంబరు పట్టుకుని ఎవరైనా వస్తే ఆ అంకె తగిలి అక్కడికక్కడే దొరికిపోతారు. ఏదో ఒక అంకె కావాలి కదా. నా చెయ్యి 41 అని రాసింది. నేను రాశానని కూడా నాకు తెలియదు. ఆ అమ్మాయి అడిగాకే తెర మీదికి చూశాను. అన్నీ నలభై ఒకట్లే.

ఆ అంకె నాది కాదు, ఆయనది.

ఆయన పేరు రాయను. దాచడానికి కాదు. కర్నూలు జిల్లాలో ఏ సంతలోనైనా నిలబడి ఆ పేరు పెట్టి పిలిస్తే నలుగురు తిరిగి చూస్తారు. కడప జిల్లాలోనూ ఆ పేరుకు కరువు లేదు. ఈ కథంతా ఆ పేరు వల్లే వచ్చింది, కాబట్టి దాన్ని దాని మానాన ఉండనిస్తాను.

అంతకు ముప్పై ఏళ్ళ ముందు, ఆంధ్ర రాష్ట్రానికి కర్నూలు రాజధానిగా ఉన్న ఆ మూడేళ్ళు ఊరి బయట గుడారాలే గుడారాలు. ఆఫీసులకు భవనాలు చాలక, గుమాస్తాలకు ఇళ్ళు దొరకక, ఎర్రటి ఎండలో గుడ్డ కింద కాపురం పెట్టాం. గాలి లేస్తే గుడారాలు ఎగిరేవి, దుమ్ము సంగటిలో పడేది. మా శాఖ గుడారాలు డెబ్బై దాకా ఉండేవి. వాటిని ఎవరికి ఏది ఇవ్వాలో, ఎవరు ఖాళీ చేశారో చూసే ఉద్యోగం ఆయనది. నేను ఆయన కింద గుమాస్తాను. కడప దగ్గరి పల్లెనుంచి, లెక్కల్లో మంచి మార్కులొచ్చాయన్న పొగరుతో సహా వచ్చాను. ఆయనది ఆదోని వైపు. నన్ను పేరుపెట్టి ఎన్నడూ పిలవలేదు, “ఏమప్పా కడపా” అనేవాడు.

సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. కళ్ళద్దాల కాడ ఒకటి విరిగితే దారంతో చెవికి కట్టుకున్నాడు. చేతిలో ఒక కర్ర, భుజం మీద ఒక తడిగుడ్డ. గుడారానికి ఒక రేకు బిళ్ళ ఉండేది. కిరసనాయిలు డబ్బా రేకు గుండ్రంగా కత్తిరించి, మేకుతో నంబరు కొట్టి, చిల్లుపొడిచి తాడు కట్టింది ఆయనే. బిళ్ళ ఉన్నవాడిదే గుడారం. ఖాళీ చేసినవాడు బిళ్ళ తెచ్చి ఇవ్వాలి. ఆఫీసు గుడారంలో ఒక చెక్క మీద మేకులు కొట్టి వాటికి బిళ్ళలు తగిలించేవాడు. అందుకని ఊళ్ళో అందరూ ఆయన్ని బిళ్ళలాయన అనేవారు.

ఎవరైనా గుడారం ఖాళీ చేశారంటే ఆయనకు పండగే. కర్రతో తెర ఎత్తి, బయటే నిలబడి, “లోపల ఎవురప్పా?” అని మూడుసార్లు అడిగేవాడు. లోపల ఎవరూ ఉండరని ఆయనకూ తెలుసు. మూడోసారి అడిగి, ఒక క్షణం చెవి ఒగ్గి, అప్పుడు లోపలికి పోయేవాడు. కుండ మిగిలి ఉంటే బోర్లించేవాడు. దండెం తాడు విప్పేవాడు. బొగ్గుతో గుడ్డ మీద ఎవరైనా పేరు రాసుకుని ఉంటే తడిగుడ్డతో తుడిచేవాడు.

“ఇంత చాదస్తం ఎందుకు? ఖాళీ చేసినానని ఆయనే చెప్పినాడు కదా” అన్నాను ఒకసారి.

“ఖాళీ అంటే ఖాళీ కాదప్పా. ఆ మనిసి పోయినాడు. ఆ మనిసి ఈడ ఉండాడని నమ్మినోళ్ళు ఇంగా ఉండారు గదా. వాళ్ళకు ఎవురు చెప్తారు?”

దీనికి ఆయన దగ్గర ఒక వరస ఉండేది. ముందు పుస్తకంలో పాతాయన పేరు కొట్టేసి కొత్త చోటు రాయాలి. తర్వాత తపాలా వాళ్ళకు మార్పుల జాబితా పంపాలి, ఫలానా ఆయన ఫలానా గుడారం నుంచి ఫలానా గుడారానికి మారాడని. తర్వాత గుడారం చూసిరావాలి. అప్పుడు బిళ్ళ కొత్తాయన చేతికివ్వాలి. వరస తప్పితే ఒప్పుకునేవాడు కాదు.

ఇంకో మాట కూడా ఎప్పుడూ అనేవాడు. “పేరు మనిసిది, నంబరు జాగాది. పేరు నమ్మి పోతే ఊరంతా తిరుగుతావు. నంబరు జూసి పో.”

తన సొంత గుడారానికి పోయినా అంతే. బయట నిలబడి దగ్గి, “లోపల ఎవురప్పా?” అని అడిగి, జవాబు రాకపోతే గానీ లోపల కాలు పెట్టడు. మేం నవ్వి చచ్చేవాళ్ళం. ఒకరోజు మాలో ఒకడు ముందే లోపల దాక్కుని, “నేనే, నువ్వెవరు?” అన్నాడు. ఆయన కోపపడలేదు. “చూసినావా, అడిగింది మంచిదైంది” అన్నాడు.

ఆయన మాట నిజమని తెలిపిన సంగతి ఒకటి జరిగింది. మాలో ఒక లావుపాటి గుమాస్తా ఇరవై రెండో గుడారం నుంచి ముప్పైకి మారాడు. మారిన మూడో రోజు ఆఫీసు నుంచి ఏదో ఆలోచించుకుంటూ పాత అలవాటు కొద్దీ తిన్నగా ఇరవై రెండుకు పోయాడు. ముంతలో మజ్జిగ ఉంటే తాగాడు. చొక్కా విప్పి తాడుకు వేసి, చాప మీద పడుకున్నాడు. అందులో దిగిన కొత్తాయన వాళ్ళమ్మ అప్పుడే కాలవ నుంచి నీళ్ళబిందెతో వచ్చింది. ఎవడో మగవాడు బనీనుతో గురకపెడుతున్నాడు. ఆమె చేటతో మొదలుపెట్టి చీపురుతో ముగించింది.

మేం పరిగెత్తేసరికి బిళ్ళలాయన అక్కడే ఉన్నాడు. దెబ్బలు తిన్నవాణ్ణి ఓదార్చలేదు. వాణ్ణి చెయ్యిపట్టి ఆ గుడారం చుట్టూ మూడుసార్లు తిప్పాడు. ప్రతి చుట్టుకూ “నాది కాదు” అనిపించాడు. ఆ ముసలావిడ కూడా కోపం మరిచి నవ్వింది. తర్వాత ఆయన నాతో, “వాంది తప్పు గాదు కడపా. కాళ్ళకు ఎవురూ చెప్పల్యా” అన్నాడు.

నవ్వుకున్న రోజులు అంతవరకే.

ఆ ఎండాకాలం కొత్తవాళ్ళు ఎక్కువ వచ్చారు, గుడారాలు చాలలేదు. ఆయన తన నలభై ఒకటో గుడారం తనే ఖాళీ చేశాడు. ఆఫీసు గుడారంలో ఒక మూల చాప వేసుకున్నాడు. పొద్దున్నే బిళ్ళ, దాంతోపాటు మార్పు చీటీ నా బల్ల మీద పెట్టాడు. తన విషయమే అయినా చీటీ రాసిచ్చాడు. “వరస తప్పొద్దు” అని, గాలికి కూలిన గుడారాలు నిలబెట్టించడానికి పోయాడు.

మధ్యాహ్నం ఒకాయన ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకుని వచ్చాడు. కడప జిల్లావాడు, మావైపే. పేరడిగితే చెప్పాడు. సరిగ్గా బిళ్ళలాయన పేరే. నాకు నవ్వొచ్చింది. ఎండకు ఆయన మొహం కమిలిపోయి ఉంది. వరస అంతా చేసేదాకా కూర్చోబెట్టడం ఎందుకనుకున్నాను. “నలభై ఒకటి ఖాళీగా ఉంది పో, బిళ్ళ తర్వాత ఇస్తాలే” అన్నాను. ఆయన దండం పెట్టి పోయాడు. బిళ్ళనూ చీటీనీ సొరుగులో వేశాను, సాయంత్రం రాద్దామని. సాయంత్రం స్నేహితులు కాలవలో ఈతకు పిలిచారు. పోయాను.

మరునాడు పదింటికి టెలిగ్రాంతో తంతి జవాను వచ్చాడు. వాడి దగ్గరున్నది మా పాత జాబితా. అందులో ఆ పేరుకు ఎదురుగా నలభై ఒకటి అని ఉంది. వాడు ఆ నంబరు కాగితం మీద వేసుకుని నలభై ఒకటికి పోయాడు. పేరడిగాడు, సరిపోయింది. సంతకం పెట్టించుకుని ఇచ్చి పోయాడు. వాడు చేసినదాంట్లో ఒక్క తప్పు లేదు.

ఎవరో చెప్పగా మేం పోయేసరికి కొత్తాయన గుడారం ముందర నేలమీద కూర్చుని ఉన్నాడు. కూతురికి సీరియస్‌గా ఉంది, వెంటనే బయల్దేరు అని ఇంగ్లీషులో ఉంది టెలిగ్రాం. ఆయనకు ఆరేళ్ళ పాప, కడప దగ్గర అత్తగారి ఊళ్ళో ఉంది. ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పుతున్నాడు.

బిళ్ళలాయన వచ్చాడు. కాగితం తీసుకుని చదివాడు. అందులో ఉన్న పేరు తన పేరు. వచ్చింది కడప నుంచి, తన కూతురు కాపురమున్న ఊరు. ఆ పిల్లకు అప్పుడు ఏడో నెల. అయినా ఆయనకు అనుమానం రాలేదు. పేరు నమ్మొద్దని జీవితమంతా చెప్పిన మనిషి నంబరు చూశాడు. నలభై ఒకటి తనది కాదు. నిన్న పొద్దున ఖాళీ చేశాడు, చీటీ రాశాడు, బిళ్ళ ఇచ్చాడు. ఇంకొకరి గుడారానికి వచ్చిన కాగితం తనదెలా అవుతుంది?

“నలభై ఒకటి నీదే గదప్పా. లే. బస్సు పోతాది” అన్నాడు.

ట్రంకుపెట్టె ఆయనే ఎత్తుకున్నాడు. బస్టాండు దాకా మేమంతా పోయాం. తన మధ్యాహ్నానికి కట్టి పెట్టుకున్న జొన్నరొట్టెల మూట కొత్తాయన చేతిలో పెట్టాడు.

“దావలో తిను. యాడ్వొద్దు. తండ్రి మొగం జూస్తే ఆడపిల్లలు లేచి కూసుంటారు. నువ్వు పో, చాలు.”

బస్సు కదిలేదాకా కిటికీ పట్టుకుని నిలబడ్డాడు. నేను పక్కనే ఉన్నాను. నాకైనా తట్టాలి. సొరుగు నాది, అందులో బిళ్ళ ఉంది, చీటీ ఉంది, పంపని జాబితా ఉంది. నాకు తట్టలేదు. ఇది రాస్తున్న ఈ నిమిషంలో కూడా అది నాకు దిగ్భ్రమగానే ఉంది. నేను అప్పుడు ఆలోచిస్తున్నది, పాపం, ఇంత దూరం వచ్చి ఒక్క రోజుకే తిరిగిపోవాల్సి వచ్చిందే అని.

నాలుగో రోజు మధ్యాహ్నం కొత్తాయన తిరిగివచ్చాడు. నవ్వుతూ ఆఫీసు గుడారంలోకి వచ్చాడు.

“నా బిడ్డ బాగుండాది సామీ. పొద్దన్న దాకా నా భుజం మింద ఆడుకున్న్యాది. మావోళ్ళెవురూ టెలిగ్రాం కొట్టల్యా అంట. ఎవురిదో ఇది, పాపం” అని కాగితం బల్ల మీద పెట్టాడు.

గుడారంలో బిళ్ళలాయన కింద పనిచేసే ఆరుగురం ఉన్నాం. బిళ్ళలాయన కాగితం చేతిలోకి తీసుకున్నాడు. ఈసారి నంబరు చూడలేదు, పేరు చూశాడు.

“నీ బిళ్ళ యాడప్పా?” అని అడిగాడు.

“నాకు బిళ్ళ ఇయ్యల్యా. ఖాళీగా ఉండాది, పో అన్న్యారు.”

ఎవరు అన్నారని ఆయన అడగలేదు. మేకుల చెక్క దగ్గరికి పోయి నలభై ఒకటో మేకు మీద వేలు పెట్టాడు. దానికి ఏమీ లేదు. అప్పుడు నాకు సొరుగు గుర్తొచ్చింది. లేచి నిజం చెప్పాలనుకున్నాను. లేవలేదు.

ఆయన నావైపు తిరిగాడు. “కడపా, రోన్ని నీళ్ళు తే అప్పా” అన్నాడు.

ఆయన ఎవరినీ ఎన్నడూ నీళ్ళు అడిగి ఎరుగను, తనే ముంచుకు తాగేవాడు. బయట కుండ దగ్గరికి పోయి చెంబుతో తెచ్చాను. ఆయన తాగాడు, తుండుగుడ్డ తలకు చుట్టుకున్నాడు, బస్టాండుకు నడిచాడు. ఈసారి కొత్తాయన ఆయన సంచి మోశాడు. ఆ మనిషి దారి పొడుగునా ఏడుస్తూనే ఉన్నాడు.

తిరిగివచ్చి సొరుగు తెరిచాను. బిళ్ళ లేదు, చీటీ లేదు. నేల మీద వెతికాను, బల్ల ఎత్తి చూశాను. ఎక్కడో పారేసుకున్నానని అనుకున్నాను. సిగ్గుమాలిన మాట చెబుతున్నాను. నాకు కొంచెం ఊరట కలిగింది. ఇక ఎవరికీ తెలియదు కదా అనుకున్నాను.

ఆయన పదిహేను రోజులకు వచ్చాడు. కూతురు పోయింది, ఏడో నెల కాన్పులో. బిడ్డ బతికింది. ఆడపిల్ల. మేం ఆరుగురం చుట్టూ చేరి నిలబడ్డాం. ఆయన మేకుల చెక్క వైపు చూస్తూ మెల్లగా అన్నాడు.

“టెలిగ్రాం కొట్టే యాళకే పానం పోయిందంటప్పా. ఎవురు పోయి ఏం జేసేటోళ్ళు. ఆ పొద్దే పోయింటే గూడా నాకు మట్టే మిగిలేది.”

ఆ మాట విని నేను బయటికి పోయి, గుడారం వెనకాల నిలబడి ఏడ్చాను. దుఃఖంతో కాదు. బతికిపోయాను అనే ఏడుపు అది. నా తప్పు వల్ల పోయిందేమీ లేదు, ఆయన చేరినా చేరకపోయినా ఒకటే అయ్యేది. ఆ ఒక్క మాట పట్టుకుని ముప్పై ఏళ్ళు అన్నం తిన్నాను, పెళ్ళి చేసుకున్నాను, పిల్లల్ని కన్నాను.

ఆ తర్వాత ఆయన నలభై ఒకటో గుడారం పీకించేశాడు. పుస్తకంలో నలభై తర్వాత నలభై రెండు వచ్చేది. చెక్కకు ఆ మేకు కూడా లేదు. కొత్తగా వచ్చినవాళ్ళు నలభై ఒకటి ఏమైందని అడిగితే, “అది ఖాళీ ల్యా” అనేవాడు, ఖాళీగా లేదని. నన్ను ఒక్క మాట అనలేదు. నేను మాత్రం వరస తప్పలేదు. పేరు కొట్టెయ్యడం, జాబితా పంపడం, గుడారం చూడటం, బిళ్ళ ఇవ్వడం. తెర ఎత్తి మూడుసార్లు పిలవడం కూడా నేర్చుకున్నాను. ఒకసారి నేను అలా పిలుస్తుంటే వెనకనుంచి విన్నాడు. “వరసగా జేస్తాండావు. మంచిది” అన్నాడు. తర్వాత రాజధాని హైదరాబాదుకు పోయింది. నేను దాంతో పోయాను, లెక్కల పుణ్యమా అని తర్వాత కంప్యూటర్ల పనిలో చేరాను. ఆయన ఉండిపోయాడు. చెప్పాల్సింది చెప్పకుండానే బస్సెక్కాను.

ఆ అమ్మాయి “ఎందుకు నలభై ఒకటి” అని అడిగిన వారానికి సెలవు పెట్టాను. ఆయన కాళ్ళు పట్టుకుని చెప్పుకోవాలి, ఇంక ఆగలేననిపించింది. కర్నూలులో ఒక ముసలి జవాను దొరికాడు. బిళ్ళలాయన ఉద్యోగం చాలించి, మనవరాలిని పెంచడానికి కడపకు పోయాడని, పోయి నాలుగేళ్ళయిందని చెప్పాడు. నేను కడపకే కదా అనుకున్నాను. “కడపకు కాదు సామీ, మనిసే పోయినాడు” అన్నాడు. అయినా కడపకు పోయాను.

మనవరాలికి ముప్పై ఏళ్ళు. బడిలో పంతులమ్మ. దర్గాకు పోయే దారిలో చిన్న ఇల్లు. తలుపు తీసే ఉంది. నేను గడప బయట నిలబడి, “లోపల ఎవరమ్మా?” అన్నాను. జవాబు రాలేదు, మళ్ళీ అన్నాను. మూడోసారికి ఆమె వచ్చి నన్ను వింతగా చూసింది.

“మా తాత మాదిరి పిలుస్తాండారే. ఎవరు సార్ మీరు?”

మీ తాత కింద కర్నూలులో పనిచేశానని చెప్పాను. కూర్చోబెట్టింది. గోడమీద ఫోటోలో ఆయన ఉన్నాడు. కళ్ళద్దాలకు దారం అలాగే ఉంది. మాటల మధ్యలో ఆమె లేచిపోయి ఒక డబ్బా తెచ్చింది. అందులోనుంచి ఒక రేకు బిళ్ళ తీసి నా అరచేతిలో పెట్టింది. అంచులు అరిగి నున్నగా అయ్యాయి. మేకుతో కొట్టిన అంకె మాత్రం చెదరలేదు.

“చిన్నప్పుడు దీంతోనే ఆడుకునేదాన్ని. అచ్చనగాయలాటలో ఇదే నా కాయ” అంది.

“ఇది మీకెక్కడిదమ్మా?” అని అడిగాను.

“తాతదే. అమ్మ పోయిన మరుసటి దినం కర్నూలు నుంచి వచ్చినాడు కదా, అప్పుడు జేబులో ఉన్నిందంట. ఇదీ, ఒక చీటీ. చీటీ ఆ దినమే చించేసినాడంట. అవ్వ చెప్పేది.”

నేను నీళ్ళకు పోయినప్పుడు. రెండే నిమిషాలు. అందుకే నీళ్ళు అడిగాడు. నన్ను బయటికి పంపి సొరుగు తెరిచాడు, తెలుసుకున్నాడు, మూశాడు. నేను తెచ్చిన నీళ్ళు తాగాడు. ఆ తర్వాత రెండేళ్ళు నా పక్కనే కూర్చుని పనిచేశాడు.

ఇంక దాచలేదు. ఆమెకు అంతా చెప్పాను. బిళ్ళ నా సొరుగులో ఉండిందని, నేను ఈతకు పోయానని. చివర, నేను ముప్పై ఏళ్ళుగా పట్టుకుని వేలాడిన మాట కూడా అన్నాను. “మీ అమ్మ టెలిగ్రాం కొట్టేసరికే పోయిందట. అదొక్కటే నాకు…”

“ఎవురు చెప్పినారు సార్?”

“మీ తాతే చెప్పినాడు. మా అందరి ముందర.”

ఆమె ఫోటో వైపు చూసింది.

“లేదు సార్. మూడు దినాలు ఉన్నింది. తెలివిలోనే ఉన్నిందంట. వాకిట్లో బండి చప్పుడైనా, బస్సు చప్పుడైనా, నాయన వచ్చినాడా అని అడిగేదంట. బయల్దేరింటాడులే అని మా నాయన రెండో టెలిగ్రాం కొట్టల్యా. నాలుగో దినం తెల్లారి పోయింది.”

తండ్రి మొహం చూస్తే ఆడపిల్లలు లేచి కూర్చుంటారని ఆయన అన్న మాట నాకు వినబడింది. ఇంకొకరి తండ్రికి రొట్టెలు కట్టిచ్చి, కిటికీ పట్టుకుని అన్నాడు. ఆ మనిషి పుస్తకంలో ఒక్క తప్పుడు రాత లేదు. పదిహేను రోజులు ఆ ఇంట్లో కూర్చుని, కూతురు ఎన్నిసార్లు అడిగిందో విని, కర్నూలుకు వచ్చి, ఆరుగురి ముందర ఒక్క అబద్ధం ఆడాడు. ఆరుగురిలో ఐదుగురికి దాని అవసరం లేదు.

ఆమె నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. “అన్నం తింటారా సార్?” అంది.

“వద్దమ్మా” అన్నాను. బిళ్ళ ఇంకా నా చేతిలోనే ఉంది. “ఇది నాకిస్తావా?”

ఆమె చెయ్యి చాపింది. నేను బిళ్ళ తిరిగి ఇచ్చాను. డబ్బాలో వేసి మూత పెట్టింది.

“ఇయ్యను సార్. ఎవురికీ ఇయ్యొద్దన్నాడు తాత. అది ఖాళీ ల్యా అన్నాడు.”

నేను లేచి చెప్పులు వేసుకున్నాను.